వాలుగ దవడ

నలభై దినాలు మొదలవుతాయనగా
నేనొక లెక్కల పుస్తకం తెరిచేవాణ్ణి.
మొదటి ఏడు పంచదార మానేశాను,
మరుసటేడు టీ.
ఆ పై ఏడు వేటమాంసం, సినిమా,
ఆదివారం మధ్యాహ్నం కునుకు.
మానిందేదీ పండగ తర్వాత కూడా మళ్లీ ముట్టలేదు.
క్యారమ్స్ బోర్డు మేనల్లుడికిచ్చేశాను,
దానిమీద చల్లే పౌడరు డబ్బాతో సహా.
పదకొండో ఏటికి
మానడానికి ఇంట్లో ఏమీ మిగల్లేదు.
అప్పుడు నవ్వడం మానేశాను.
అదొక్కటే పుస్తకంలో రాయలేదు.

శ్రీకాకుళం ట్రెజరీ ఆఫీసులో
నన్ను భక్తిపరుడంటారు.
మా సుగుణమణి మాత్రం
కంచం నా ముందుకు తోసి
గోడకి చెప్పుకుంటుంది:
"ఈ ఇంట్లో ఉపాసం ఒకరిది,
ఆకలి అందరిదీ."

నిజం చెప్పొద్దూ,
గది ఖాళీ చేస్తే చాలు, ఆయన దిగుతాడనుకున్నాను.
ఊడ్చాను. కడిగాను.
తలుపు బార్లా తీసి కూర్చున్నాను.
పదకొండేళ్లు
నా దగ్గే నాకు వినబడింది.

మొన్న శుక్రవారం పొందూరు వెళ్లాను.
మా దొర్కా పెద్దమ్మకి ఎనభై దాటాయి.
ఆ వీధిలో చర్చికెళ్లే మనిషి ఆమె ఒక్కర్తే,
రాట్నం మాత్రం అందరి రాట్నంలాగే
కుయ్యిమంటుంది.
అరుగుమీద కూర్చుని
వాలుగ చేప దవడతో కొండపత్తి దువ్వుతోంది.
సూదికన్నా సన్నం ఆ పళ్లు.
నలుసులు, ఎండాకు తునకలు, పురుగు కొట్టిన పోగులు
ఒళ్లో రాలుతున్నాయి.

నేను పక్కన చేరి నా పుస్తకం అప్పజెప్పాను.
పంచదార దగ్గర ఊఁ అంది,
టీ దగ్గర ఊఁ అంది,
క్యారమ్స్ దగ్గర కాస్త నా మొహంలోకి చూసింది.
అంతా అయ్యాక దవడ కింద పెట్టి అడిగింది:

"ఒగ్గీసినవన్నీ సెప్పినావు నాయినా,
మరేటి ఒడికినావు?"

ఎదురింటి రాట్నం ఒక్కటే మోగుతోంది.
ఆమె ఒళ్లోని చెత్త పిడికెడు తీసి
నా అరచేతిలో పోసింది.
"ఇదీ ఒగ్గీసిందే గదా.
తక్కెట్లో ఎట్టి
బట్టని సెప్పి అమ్మగల్నా?
పత్తిమీద కోపానికి దువ్వుతానేటి నాను,
దారంమీద ఆశకి గానీ."

మోకాళ్లు పట్టుకుని లేచి
బెల్లం వేసి టీ కాచింది.
"నలభై దినాలు, పెద్దమ్మా."
"ఎరుగుదును, తాగు.
రాత్రల్లా వలేసి సొలిసొచ్చినోళ్లకి
ఆయన ఒడ్డున నిప్పు రాజేసి
సేపలు కాల్సి ఎట్టినాడు.
ముందు లెక్క సెప్పండిరా అన్నాడా?"

ఆ చేపల ముళ్లు ఏమయ్యాయో
ఎవరూ రాసినట్టు లేదు.
ఆమె పక్కనున్న దవడ కేసి చూస్తూ
తాగాను.
బెల్లం గొంతులో దిగుతుంటే
చిన్నపిల్లాడిలా సిగ్గేసింది.

సగం తాగాక గమనించాను,
గ్లాసు ఒకటే.
పొయ్యిమీద ఎసరు లేదు,
గిన్నెలన్నీ నిన్న తోమినట్టే బోర్లించి ఉన్నాయి.
పొద్దుట్నుంచి ఆమె ఏమీ తినలేదు.
అడిగితే,
"అదో లెక్కేటి?" అని
ఏకు నా చేతిలో పెట్టింది.

తిప్పాను. తెగింది.
అతికి తిప్పాను, మళ్లీ తెగింది.
పద్దెనిమిదోసారో పంతొమ్మిదోసారో
కదురు దగ్గర వానపాములాంటి ముక్కొకటి
లావుగా, వంకరగా బయటికొచ్చింది.
పెద్దమ్మ బోసినోరు తెరిచి నవ్వింది.
ఎప్పుడు మొదలుపెట్టానో తెలీదు,
నేనూ నవ్వుతున్నాను.
ఎదురింటి రాట్నం ఆగి
ఎవరో తొంగి చూశారు.

రాత్రి ఇంటికొచ్చేసరికి
సుగుణ కంచం ఒకటే పెట్టింది.
రెండోది నేను తెచ్చాను.
ఆమె కంచం చూడలేదు,
నా వేలికి చుట్టి ఉన్నదాన్ని చూసింది.

"ఇదేటి?"
"నూలు," అన్నాను,
"ఇంకా సరిగ్గా రావట్లేదు."